మొదటి అనుమానితుడు హనుమత్ప్రసాద్ గారు

మా అపార్ట్‌మెంట్లో ఏ వస్తువు పోయినా, అది తానే తీసి ఉండవచ్చని అందరికంటే ముందు అనుమానం వెలిబుచ్చే మనిషి హనుమత్ప్రసాద్ గారు. మామూలుగా మనుషులు పక్కవాడిని అనుమానిస్తారు. ఈయన తనను తాను అనుమానించుకుంటారు. అది చాలదన్నట్టు మనల్నీ అనుమానించమంటారు. అనుమానించకపోతే నొచ్చుకుంటారు.

ఆయన బేగంపేటలో ఒక బీమా కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోయే సందుల్లో మా అపార్ట్‌మెంటు. మూడో అంతస్తులో ఆయనా, భార్య హైమవతి గారూ, మిగిలిన జాగా అంతా డిటెక్టివ్ నవలలూ ఉంటాయి. మైత్రీవనం ముందు ఫుట్‌పాత్ మీద కంప్యూటర్ కోర్సుల పుస్తకాల కింద నలిగిపోయిన పాత పాకెట్ నవలలను ఏరి తెచ్చుకుంటారు. వాటితోపాటు కొత్త నవలలు, క్రైమ్ సినిమాలు, దెయ్యం సినిమాలు, వెబ్ సిరీస్‌లు అన్నిటికీ ఫోన్లో రివ్యూలు చెబుతారు. ఛానల్ పేరు 'మొదటి అనుమానితుడు'. ఫోన్ పట్టుకునేది హైమవతి గారు. చూసేది వాళ్ళ బంధువులు, నేను, ఇంకొందరు అభాగ్యులు.

అందరూ రివ్యూల్లో కథ చెబుతారు, నటన గురించి చెబుతారు. ఈయనకు అవేవీ పట్టవు. హంతకుడెవరన్నది అసలే పట్టదు. మొట్టమొదట ఎవరిని అనుమానించారన్నదే ఆయన కొలబద్ద.

"ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్. బంగళాలో హత్య. మొదటి అనుమానితుడు డ్రైవర్. రెండోవాడు వంటమనిషి. మూడోవాడు పక్కింటి డ్రైవర్! ఆ ఇంట్లో వీలునామాలో పేరున్నవాళ్ళు అరడజను మంది సోఫాల్లో కూర్చుని కాఫీ తాగుతుంటే, వాళ్ళను అడగడానికి ఆరో ఎపిసోడ్ దాకా ఆగాలా? ఒక స్టార్. అదీ కెమెరామన్‌కి."

మరోసారి అంతరిక్షంలో జరిగే సినిమా. నౌకలో ఆక్సిజన్ దొంగతనం. కెప్టెన్ ముందుగా నౌక ఊడ్చేవాణ్ణి నిలదీశాడట. హనుమత్ప్రసాద్ గారు కళ్ళజోడు తీసేసి కెమెరా వైపు దీనంగా చూశారు. "భూమిని వదిలిపెట్టి అంత దూరం పోయారు కదండీ! అక్కడ కూడా చీపురు పట్టుకున్నవాడేనా?" అరస్టార్.

ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత నవలకు చివరి పేజీలు లేవు. అయినా దానికి నాలుగు స్టార్లిచ్చారు. నేను అడిగాను: "అంకుల్, ఎవరు చంపిండ్రో తెల్వకుండ నాలుగు స్టార్లు ఎట్ల ఇస్తరు?"

"మొదటి అనుమానితుడు జమీందారు బావమరిది అమ్మాయ్! అలాంటి రచయిత తర్వాత ఏం రాసినా బానే రాసుంటాడు."

ఇన్ని హత్యలు చదివిన మనిషికి గుండె గట్టిగా ఉంటుందని అనుకుంటాం. ఈయన ప్రపంచంలోకెల్లా పిరికి ప్రేక్షకుడు. సినిమాలో తలుపు కిర్రుమంటే దిండు అడ్డం పెట్టుకుంటారు. "ఏమైంది హైమా? వెళ్ళిపోయాడా?" అని దిండు వెనక నుంచి అడుగుతారు. పంజాగుట్ట చౌరస్తాలో పోలీసు బండి కనిపిస్తే చేతిలో కూరగాయల సంచి ఉన్నా సరే, దాన్ని తెరిచి అందరికీ కనబడేలా పట్టుకుని నడుస్తారు. వంకాయలు తప్ప ఏమీ లేవని లోకానికి తెలియాలి.

అలాంటి మనిషి, వస్తువు పోయిందని వినబడగానే మెట్లు దిగి వచ్చి వాదించేవారు.

ఒకసారి అసోసియేషన్ సెక్రటరీ రఘురామ్ గారింటి ముందు పాల ప్యాకెట్ మాయమైంది. ఆయన గేటు దగ్గర నిలబడి, "సారయ్యా, ఇలా రా" అని వాచ్‌మన్‌ను గట్టిగా పిలిచేసరికి మూడో అంతస్తు నుంచి హవాయి చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఒక్క నిమిషం రఘురామ్ గారూ! ముందు నన్నడగాలి మీరు."

"మిమ్మల్నెందుకు మాస్టారూ?"

"నాకు డాక్టరు పాలు మానెయ్యమన్నాడు. మానెయ్యమన్నవాడికే ఆశ ఎక్కువ. అది కారణం. పొద్దున్నే నడకకు మీ గుమ్మం ముందునుంచే వెళ్ళాను. అది అవకాశం. ఆ టైముకు మా ఆవిడ నిద్రలో ఉంది. నాకు సాక్ష్యం లేదు. ఇన్ని పెట్టుకుని సారయ్యను పిలుస్తారేంటి?"

"అబ్బే, మీరు తియ్యరండీ."

"తియ్యనని ఎలా చెప్పగలరు? నిరూపించండి!"

ఆ గొడవ తేలేసరికి రఘురామ్ గారికి ఆఫీసు టైమైంది. మధ్యాహ్నం పిల్లి ఒకటి మేడమీద ప్యాకెట్ ముందు మూతి తుడుచుకుంటూ దొరికింది.

నా చెప్పులు పోయినప్పుడూ అంతే. "నీ చెప్పులు నేను తీసి ఉండొచ్చు మధులతా" అంటూ వచ్చారు.

"మీ కాలు నా చెప్పుల పడుతదా అంకుల్?"

"నువ్వలా అనుకోవాలనే నా పన్నాగం!"

పైనుంచి హైమవతి గారి గొంతు వినిపించేది. "ఏమండీ, మళ్ళీ దొంగతనం ఒప్పుకోడానికి వెళ్ళారా? ఉప్మా చల్లారిపోతోంది!"

"ఒప్పుకోలేదు హైమా, అనుమానించమన్నాను. రెండూ వేరు!"

"వేరైతే వేరు. ఉప్మా మాత్రం ఒకటే. రండి!"

నేను మహిళా సంఘంలో పనిచేస్తాను. కరపత్రాలు రాస్తాను, ధర్నాల్లో మైకు పట్టుకుంటాను. హక్కుల గురించి నాకు తెలిసినంత ఈ బిల్డింగులో ఎవరికీ తెలియదని నా నమ్మకం. ఆ లెక్కన హనుమత్ప్రసాద్ గారు నాకు పుస్తకాలు ఎక్కువై కొంచెం పక్కకు ఒరిగిన పెద్దమనిషి. అంతకు మించి ఆలోచించలేదు, శ్రావణమాసంలో ఆ శనివారం దాకా.

ముందురోజు రఘురామ్ గారి భార్య ఉదయలక్ష్మి గారు వరలక్ష్మీ వ్రతం చేసుకున్నారు. కలశం మీద కొబ్బరికాయకు జాకెట్ ముక్కను కిరీటంలా చుట్టి, దానికి తన బంగారు గొలుసు వేశారు. పేరంటానికి వెళ్ళినప్పుడు నేనూ చూశాను. అమ్మవారికంటే ముందు గొలుసే కనబడేంత పెద్దది. శనివారం ఉద్వాసన చెప్పి కలశం తీసేశారు. కాసేపటికి చూసుకుంటే గొలుసు లేదు.

ఆ పొద్దున ఇంట్లోకి వచ్చిన బయటి మనిషి చిలకమ్మ ఒక్కతేనని వాళ్ళ లెక్క. ఆమె సారయ్య భార్య. మెట్లు కడుగుతుంది, బిల్డింగులో సగం ఇళ్ళల్లో అంట్లు తోముతుంది. గేటు పక్కన ఉన్న ఒంటి గదిలో వాళ్ళ కాపురం. గొలుసు పోయిందన్న కేకకు నేను కిందికి దిగేసరికే రఘురామ్ గారు తీర్పు చెప్పేశారు.

"పోలీసులకు ఫోన్ చేశాను. వాళ్ళొచ్చి గది వెతుకుతారు. దొరికినా దొరక్కపోయినా రేపట్నుంచి మీరు ఇక్కడ వద్దు. గది ఖాళీ చెయ్యండి."

చిలకమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతికి ఇంకా అంట్ల సబ్బు నురగ. "నేను తియ్యలే సారు. నా పిల్లల మీద ఒట్టు" అంది. సారయ్య గది తలుపు తానే బార్లా తెరిచి పక్కకు జరిగాడు. లోపల మంచం, స్టవ్వు, ఒక రేకు పెట్టె కనిపిస్తున్నాయి. గది కాదు, మనిషి బట్టలు విప్పి నిలబడ్డట్టుంది. గదీ పోతే, పనీ పోతే, దొంగ అన్న పేరుతో ఇంకో సందులో ఎవరు రానిస్తారు వీళ్ళను?

ఎస్సై సురేందర్ ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చాడు, అందులో ఒకామె మహిళ. నేను ముందుకెళ్ళి మొదలుపెట్టాను. "ఆమెను స్టేషన్‌కు పిలిచేటందుకు లేదు. ఏమన్న ఉంటే ఈడనే అడగాలె. చట్టం గట్లనే చెప్తది."

"ఈడనే అడుగుతం మేడమ్. మీకు ఫికర్ వద్దు" అన్నాడు ఎస్సై మర్యాదగానే. "గది సోదా చేస్తం, అంతే."

నా చట్టం అక్కడితో అయిపోయింది. సందులో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఎదురు హాస్టల్ పిల్లలు బాల్కనీల్లోకి వచ్చారు. వాళ్ళందరి ముందు ఆ రేకు పెట్టె బోర్లించబోతున్నారు.

అప్పుడు వినిపించింది హవాయి చెప్పుల చప్పుడు.

ఇది పాల ప్యాకెట్ కాదు. ఎదురుగా నిజం పోలీసులు. ఈయన ఏదో వాగితే నిజంగానే కేసులో ఇరుక్కుంటారు. లేదా ఎస్సైకి కోపం వచ్చి చిలకమ్మ మీద చూపిస్తాడు.

హనుమత్ప్రసాద్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగారు. జేబులో బీపీ మాత్రలు. భుజాన సంచి, అందులోంచి తువ్వాలు తొంగిచూస్తోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. రెయిలింగ్ పట్టుకున్న చెయ్యి ఎంత వణుకుతోందంటే రెయిలింగ్ కూడా వణికినట్టు కనబడింది. వెనకాలే హైమవతి గారు. "దుప్పటి కూడా పెట్టానండి. లోపల చలిగా ఉంటుందేమో" అంటున్నారు.

"ఎస్సై గారూ" అన్నారాయన. సంచిలోంచి సీసా తీసి మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టారు. "ఎస్సై గారూ, మీరు తప్పు వరుసలో వెళ్తున్నారు. మొదటి అనుమానితుణ్ణి నేను."

"మీరెవరు సార్?"

"మూడో అంతస్తు. పొద్దున వాళ్ళింటికి పులిహోర కోసం వెళ్ళాను. కలశం చూశాను. గొలుసు చూశాను. బాగుంది అనుకున్నాను. అనుకోవడం నేరానికి మొదటి మెట్టు. దొంగతనాలు ఎలా చెయ్యాలో వివరించిన పుస్తకాలు నా ఇంటి నిండా ఉన్నాయి. ఈ చిలకమ్మ ఒక్కటైనా చదివిందా అడగండి!"

"మాస్టారూ, ఇది మీ రివ్యూ కాదు" అని రఘురామ్ గారు పళ్ళు నూరారు. "ఎస్సై గారూ, ఆయన సంగతి వదిలెయ్యండి. ఆయనంతే."

"వదిలెయ్యడానికి వీల్లేదు! నన్ను వదిలేసి కింది గదికి వెళ్తే ఈ దర్యాప్తును నా ఛానల్లో రివ్యూ చేస్తాను. అరస్టార్ ఇస్తాను!"

ఎస్సైకి నవ్వొచ్చింది. "ఎందరు చూస్తరు సార్ మీ ఛానలు?"

"నేను చూస్త!" అన్నాను. ఎందుకో నా నోరు తెరుచుకుంది. "సోదా చేస్తే అన్ని ఇండ్లు చెయ్యండి. మూడో అంతస్తు కెల్లి మొదలుపెట్టండి. నాది సుత చూడండి."

రఘురామ్ గారు ఉలిక్కిపడ్డారు. "మన ఇళ్ళల్లోకి పోలీసులా? ఎంత అవమానం!"

"మనకైతేనే అవమానమా సార్? గా రేకు పెట్టెకు లేదా?"

ఎస్సై టోపీ సర్దుకుని గదివైపోసారి, మెట్లవైపోసారి చూశాడు. "సరే, పెద్దాయనతోనే షురూ చేద్దాం. లేకుంటే ఈయన మనల్ని పోనిచ్చేటట్టు లేడు."

అందరం మూడో అంతస్తుకు ఎక్కాం. రఘురామ్ దంపతులూ ఎక్కారు. చిలకమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. కానిస్టేబుల్ నవలల దొంతరలు కదిపితే దుమ్ము లేచి ఎస్సైకి తుమ్ములొచ్చాయి. హనుమత్ప్రసాద్ గారు పక్కనే తిరుగుతూ సలహాలిస్తున్నారు. "అటక చూశారా? అటక చూడాలండీ. బియ్యం డబ్బా మర్చిపోయారు!" నాకు అర్థమవుతూనే ఉంది, ఆయన ఆలస్యం చేయిస్తున్నారు. ఎంతసేపని చేయించగలరు? అది తేలాక మళ్ళీ కింది గదే.

మహిళా కానిస్టేబుల్ వంటింటి తలుపు తీసింది. తలుపు వెనక మేకుకు తాంబూలం సంచులు గుత్తిగా వేలాడుతున్నాయి. మన ఆడవాళ్ళకు వాటి సంగతి చెప్పక్కర్లేదు. పేరంటంలో ఇచ్చిన జాకెట్ ముక్కను ఎవరూ కుట్టించుకోరు, మడత కూడా విప్పరు. ఇంకో పేరంటంలో ఇంకొకరికి ఇస్తారు. ఈ హైదరాబాదులో కొన్ని జాకెట్ ముక్కలు మనుషులకంటే ఎక్కువ ఇళ్ళు తిరిగుంటాయి. కానిస్టేబుల్ పై సంచిలోంచి నానబెట్టిన శనగలు, అరటిపండు తీసి గట్టు మీద పెట్టింది. ఎర్ర జాకెట్ ముక్కను దులిపింది.

గొలుసు ఠంగున గచ్చు మీద పడింది.

హనుమత్ప్రసాద్ గారు మెల్లగా నేల మీద కూర్చుండిపోయారు. గొలుసు వైపు చూశారు, భార్య వైపు చూశారు.

"హైమా... అంటే నేను నిజంగానే తీశానా?"

"కళ్ళజోడు ఎక్కడ పెట్టారో తెలీదు మీకు. గొలుసు తీస్తారుట!" అని కసిరారు హైమవతి గారు.

"ఇన్నేండ్ల సర్వీసుల, నేనే దొంగనని చెప్పి సొత్తు సుత చూపెట్టినాయన మీరొక్కరే సార్" అన్నాడు ఎస్సై. నవ్వాలో పట్టుకోవాలో తెలియని మొహం అతనిది. చిలకమ్మను కాపాడబోయి ఈయన జైలుకు పోతారా?

అప్పుడు ఉదయలక్ష్మి గారు ఆ ఎర్ర ముక్కను చేతిలోకి తీసుకున్నారు. తిప్పి చూశారు. "అయ్యో పిన్నిగారూ... ఇది కలశానికి చుట్టిన ముక్క!"

సంగతి ఇదీ. శుక్రవారం హైమవతి గారు మోకాళ్ళ నొప్పితో పేరంటానికి వెళ్ళలేదు. శనివారం పొద్దున ఆమెకు తాంబూలం పంపుదామంటే జాకెట్ ముక్కలు అయిపోయాయి. అమ్మవారి మీద వేసినదే పెద్దావిడకు ఇస్తే పుణ్యమని, చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతూనే కొబ్బరికాయ మీది ముక్కను లాగి, మడిచి, సంచిలో వేశారు. గొలుసు ఆ మడతలోనే ఉండిపోయింది. ఇంకా విడ్డూరం, ఆ సంచిని మూడో అంతస్తుకు తెచ్చి ఇచ్చింది చిలకమ్మే. పైనుంచి కిందిదాకా వెతకబోయిన గొలుసును ఆమె తన చేతులతో మోసుకొచ్చి, తలుపు కొట్టి, భద్రంగా అప్పజెప్పింది.

రఘురామ్ గారు ఎర్రబడ్డారు. హనుమత్ప్రసాద్ గారిని లేవదీస్తూ, "ఏమీ అనుకోకండి మాస్టారూ. మీమీద మాకు ఎప్పుడూ అనుమానం లేదు" అన్నారు.

"అదే కదండీ నా ఏడుపు!" అన్నారాయన. "ఎన్నేళ్ళుగా బతిమాలుతున్నాను! ఒక్కసారైనా అనుమానించారా? సొత్తు నా ఇంట్లో దొరికింది, నేను దొంగను కాను. కింద గదిలో ఇంకా వెతకనైనా లేదు, ఆవిడ పొద్దున్నుంచీ దొంగే!"

ఆయన దొంతరలోంచి ఒక నవల లాగి పైకెత్తి చూపించారు.

"ఏ నవలైనా చూడండి. మొదటి అనుమానితుడు ఎప్పుడూ నిర్దోషే. చదివే ప్రతివాడికీ తెలుసు. అయినా నాలుగో అధ్యాయానికల్లా వాడి ఉద్యోగం పోతుంది, వాడి పెట్టె రోడ్డు మీద ఉంటుంది. అసలు దొంగ దొరికాక వాడి ఊసే ఎవరూ ఎత్తరు. ఆ చోటు ఎలాగూ ఖాళీగా ఉండదు కదా అని నేను నిలబడుతున్నాను. నన్ను అనుమానిస్తే నాకేం పోతుంది? రేపూ పెన్షన్ వస్తుంది. ఈవిడ తిడుతుంది, ఉప్మా పెడుతుంది."

పాల ప్యాకెట్టూ, నా చెప్పులూ, అన్నీ ఒక్కసారిగా నా కళ్ళముందు వరుసకట్టాయి. అన్నిసార్లూ సారయ్య పేరు ఎవరి నోటిలోనో సగంలో ఆగిపోయింది. నేను మైకులో చెప్పే మాటలన్నీ ఈయన హవాయి చెప్పులేసుకుని చేస్తున్నారు.

ఉదయలక్ష్మి గారు గుమ్మం దగ్గరికి వెళ్ళి చిలకమ్మ చేతులు పట్టుకున్నారు. "తప్పైపోయింది చిలకమ్మా. రేపట్నుంచి మామూలుగా రా."

"మీ ఇంటికైతే రాను అమ్మా" అంది చిలకమ్మ, చేతులు మెల్లగా విడిపించుకుని. "మిగిలిన ఇండ్లల్ల చేసుకుంట. గది ఖాళీ చెయ్యను."

"ఎవ్వరూ ఖాళీ చెయ్యక్కర్లేదు" అన్నారు రఘురామ్ గారు గబగబా. ఎస్సై, కానిస్టేబుళ్ళు హైమవతి గారు పెట్టిన శనగలు తిని వెళ్ళిపోయారు.

హనుమత్ప్రసాద్ గారికి మాత్రం రెండురోజులు బీపీ దిగలేదు. పోలీసుల వల్ల కాదు. "మొదటి అనుమానితుడి దగ్గరే సొత్తు దొరకడమేంటి అమ్మాయ్? నా సిద్ధాంతం నాశనమైపోయింది" అని దిగులు. ఆ వారం రివ్యూలో మా అపార్ట్‌మెంటు కేసుకు ఒక స్టార్ ఇచ్చారు. కథనం బలహీనమట, శనగలు బాగున్నాయట.

వినాయక చవితి దాటాక ఒక ఉదయం నేను కొత్త నవల ఒకటి ఇద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. వెనకాలే చిలకమ్మ మెట్లెక్కి వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మం ముందు నిలబడింది.

"పెద్దసారూ, నా కొత్త మాపు కర్ర పోయింది. మేడమీద ఆరబెట్టిన, లేదు. జర మిమ్మల్ని అడుగుదామని వచ్చిన."

హనుమత్ప్రసాద్ గారు కుర్చీలోంచి లేచారు. అంత ఆనందం ఆయన మొహంలో ఏ సినిమా అయిపోయినప్పుడూ చూడలేదు. "నన్నేనా? నన్నే అనుమానిస్తున్నావా?"

"మరి మీ మీద గాక ఎవరి మీద చెయ్యాలె?"

"హైమా, విన్నావా! నాకు కారణం కూడా ఉంది చిలకమ్మా. నిన్న అటక మీది పుస్తకాలు లాగడానికి పొడుగు కర్ర కావాలనుకున్నాను..."

ఇంతలో కింది నుంచి ఆయాసపడుతూ రఘురామ్ గారు ఎక్కి వచ్చారు. చిలకమ్మ వైపు నేరుగా చూడలేక చొక్కా గుండీ చూసుకుంటూ, "అదీ... నిన్న సాయంత్రం మేడమీద నేను కూడా తిరిగాను. నన్ను కూడా అడగొచ్చు" అన్నారు.

హనుమత్ప్రసాద్ గారికి ఒళ్ళు మండింది. "మీరు రెండో అనుమానితులు! వెనకాల నిలబడండి!"

చిలకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగక పక్కకు తిరిగింది. తర్వాత మొహం గంభీరంగా పెట్టుకుని, చెప్పులు గుమ్మంలో విడిచి, సోదా చేయడానికి తిన్నగా లోపలికి నడిచింది. వంటింట్లో హైమవతి గారు స్టవ్వు వెలిగిస్తున్నారు.

"అటక మీద చూడు చిలకమ్మా. చూశాక టీ తాగి వెళ్ళు."